జపాన్ హోమ్‌స్టేకి వెళ్లే విద్యార్థులు ఆ ఇంట్లో ముఖ్యంగా ఏం గమనించుకోవాలి?

జపాన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన జెనెసిస్ లాంటి యువజన కార్యక్రమాల్లో ఒకట్రెండు రాత్రులు అక్కడి కుటుంబంతో ఉండే అవకాశం రావచ్చు. అక్కడ అన్నిటికంటే ముందు గమనించాల్సింది స్నానం. చాలా ఇళ్లలో స్నానపు తొట్టి నింపేది రోజుకు ఒక్కసారే. నీళ్లు సుమారు 40 డిగ్రీల వేడితో ఉంటాయి, ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో దిగుతారు. కాబట్టి తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, నురగంతా కడిగేసుకున్నాకే లోపలికి దిగాలి. అతిథిని తరచు ముందు వెళ్లమంటారు. బయటికి వచ్చాక నీళ్లు వదిలేయకండి, మూత పెట్టి రండి. మిగతావాళ్లు ఇంకా స్నానం చేయాలి కదా!

చెప్పులు గుమ్మం దగ్గరే విప్పడం మనకు అలవాటే. కానీ టాయ్‌లెట్‌కి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో గదుల్లోకి రాకూడదు. తతామి చాపల మీద ఏ స్లిప్పర్లూ వద్దు.

శాకాహారులైతే ఆ సంగతి దరఖాస్తులోనే వివరంగా రాయండి. "మాంసం తినను" అంటే సరిపోదు, చేపలు కూడా తిననని రాయాలి. కూరగాయల వంటకంలా కనిపించే మిసో సూప్‌లోనూ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్) సాధారణంగా ఎండు చేపతో కాచిన దాషి రసం ఉంటుంది. ముందే తెలిస్తే ఆ ఇంటావిడ కొంబు అనే సముద్రపు నాచుతో రసం కాచగలుగుతారు. వడ్డించాక చెబితే పాపం ఆవిడ నొచ్చుకుంటారు, మీకూ టెన్షన్.