ఆ వకారం ఎవరిది?

తమ్ముడూ,

వ్యాసం అందింది. చేయి తిరిగిన రాతే. ఇక కోపం సంగతి.

రష్యన్ మెద్‌వేద్, అంటే ఎలుగుబంటి, మన వేదానికి చుట్టమని, ‘తేనె జాడ తెలిసినది’ అని అర్థమని రాశావు. స్లావిక్‌లో ‘వేదేతి’ అంటే తెలియడమే, అది మన ‘విద్’ ధాతువుకు చుట్టమే. కానీ ఈ మాటలో అది లేదయ్యా!

రష్యన్ లాంటి స్లావిక్ భాషలన్నిటికీ తల్లిభాష ప్రోటో-స్లావిక్, అందులో రూపం *మెద్వేది. తేనెకు మూలం ‘మెదు’, ఉకారాంతం. తినడం ‘ఏద్’. ఉకారం తర్వాత అచ్చొస్తే వకారం. అణు, అస్త్రం కలిస్తే అణ్వస్త్రమని బడిలో బట్టీ పట్టలేదూ? ఆ వకారం తేనెది. ఇది ‘తేనె తినేది’. నీకు వేదమే కావాలంటే ఋగ్వేదం 1.164.22లో చెట్టుమీద తేనె తినే పక్షుల్ని ‘మధ్వదః’ అన్నారు, అవే రెండు ముక్కలు. ముందు అతుకు చూడు, కథ తర్వాత అల్లుకో.

ఎలుగుబంటికి మన ఋక్షం, గ్రీకు ఆర్క్‌తోస్, లాటిన్ ఉర్సుస్ ఒకే పాత పేరు. స్లావులు దాన్ని వదిలేశారు. పేరెత్తితే మీదికొస్తుందన్న భయం వల్లనే అయ్యుంటుందని 1906లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యే వాదించాడు. మన ఊళ్లలో పాముని ‘పురుగు’ అనరూ? అలాగే.

మాట ముందు పెట్టే నక్షత్రం గుర్తు (*) ఎందుకు ఎగ్గొట్టావు? ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పోల్చి కట్టిందని చెప్పేది అదొక్కటే. స్లావులకు లిపి తెచ్చిన సిరిల్, మెథోడియస్ సోదరులు మధ్య ఐరోపాలోని మొరావియా వెళ్లిందే 863లో, స్లావుల రాత ఆ కాలం నుంచే. నా వ్యాసంలో ఆ గుర్తులన్నీ ఓ వారపత్రిక ఎడిటర్ పీకేశాడు. అడిగితే, “పాఠకులు కింద ఫుట్‌నోట్ వెతుక్కుంటారండీ” అన్నాడు! ఆయనకి మళ్లీ రాయలేదు. ఆ నెల ఇంటద్దెకు మా ఆవిడ పుట్టింట్లో చేబదులు తెచ్చింది. ఇప్పటి ఎడిటర్లకైతే ‘ఆసక్తికరమైన నిజాలు’ చాలు, విభక్తి అంటే జ్వరం.

విభక్తి నువ్వూ ముట్టుకోలేదు. *మెద్వేది ఇకారాంత పుంలింగం. షష్ఠిలో చివరి హ్రస్వం దీర్ఘమై *మెద్వేదీ. రష్యన్‌లో ఇలాంటి పుంలింగాలు వేరే వర్గంలో కలిసిపోయాయి, షష్ఠి ‘మెద్‌వేద్యా’ అయింది. పాత పద్ధతి పట్టుకుని మిగిలింది దారికి వాడే ‘పుత్’ ఒక్కటే, షష్ఠి ‘పుతీ’. అదీ మన పంథాకి చుట్టం. ఇంత సరుకు వదిలేసి వేదం వెంట పడ్డావు.

ఉక్రేనియన్‌లో ‘వెద్‌మిద్’ అని ఎందుకు తిరగబడిందో, పోలిష్‌లో మకారం పోయి నకారం ఎలా వచ్చిందో రాసి పంపు. పుస్తకం అచ్చు సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య