ఒంటి వాసనకు ఆకర్షించే శక్తి ఉందా?

ప్రశ్న: ఒకరి ఒంటి వాసన మనకు నచ్చితే, ఆ వ్యక్తి జన్యుపరంగా మనకు తగిన జోడీ అని ఒక వ్యాసంలో చదివాను. ‘ఫెరమోన్లు’ కలిపిన సెంటు పూసుకుంటే ఎదుటివారు ఆకర్షితులవుతారన్న ప్రకటనలూ చూస్తున్నాను. వీటిలో నిజమెంత?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివిన వ్యాసానికి కొంత ఆధారం ఉంది. ప్రకటనలకు మాత్రం లేదు.

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసనే ఉండదు. ఒంటిని చల్లబరిచే స్వేదగ్రంథులు ఒళ్లంతా ఉంటాయి. వాటి నుంచి వచ్చేది చాలావరకు ఉప్పునీరే. చంకల్లోనూ మరికొన్ని చోట్లా ఉండే ఎపోక్రైన్ గ్రంథులు యుక్తవయసులో పని మొదలుపెట్టి, కొవ్వులు, ప్రొటీన్లు కలిసిన చిక్కటి ద్రవాన్ని స్రవిస్తాయి. చర్మం మీద నివసించే బ్యాక్టీరియా ఆ ద్రవంలోని పదార్థాలను విడగొట్టినప్పుడే మనం చెమట కంపు అనుకునే వాసన పుడుతుంది. ఏబీసీసీ11 అనే జన్యువులోని ఒక మార్పు వల్ల తూర్పు ఆసియా ప్రజల్లో అత్యధికులకు ఈ వాసన చాలా తక్కువగా ఉంటుంది. వారి చెవిలో గులిమి పొడిగా ఉండటానికీ ఆ మార్పే కారణం. అందుకే చెమట కంపును కేవలం అపరిశుభ్రతకు గుర్తుగా చూసి ఎవరినైనా చిన్నబుచ్చడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇక జోడీ సంగతి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో క్లాస్ వెడెకిండ్ బృందం 44 మంది యువకులను రెండు రాత్రులు ఒకే టీషర్టు వేసుకుని పడుకోమని, ఆ టీషర్టులను 49 మంది యువతుల చేత వాసన చూపించింది. రోగనిరోధక శక్తికి సంబంధించిన ఎంహెచ్‌సీ జన్యువులు తమకంటే భిన్నంగా ఉన్న పురుషుల వాసనే తమకు నచ్చిందని ఎక్కువ మంది చెప్పారు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న వారి ఎంపిక అందుకు విరుద్ధంగా ఉంది. 1995లో వెలువడిన ఈ ఫలితాన్నే మీరు చదివిన వ్యాసం లాంటివి ఈనాటికీ మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. అయితే తర్వాతి పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, తండ్రి నుంచి తమకు వచ్చిన జన్యువులతో కొంత పోలిక ఉన్న వాసన వైపే స్త్రీలు మొగ్గారు. పైగా, ఒక టీషర్టు వాసన బాగుందని చెప్పడం వేరు, ఒక మనిషిని జీవిత భాగస్వామిగా ఎంచుకోవడం వేరు. కాబట్టి వాసన నచ్చడాన్ని జన్యువులు కుదిరాయనడానికి పరీక్షగా తీసుకోకండి.

ఒక జీవి విడుదల చేసి, అదే జాతికి చెందిన మరో జీవిలో స్పందన కలిగించే రసాయన సంకేతమే ఫెరమోన్. ఈ మాట 1959లో పుట్టింది. అదే ఏడాది జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి బాంబికాల్ అనే రసాయనాన్ని వేరుచేసి చూపించారు. మగ పురుగును రప్పించడానికి అది లేశమాత్రం చాలు. మనుషుల్లో అలా పనిచేసే పదార్థమేదీ ఇంతవరకు రుజువు కాలేదు. ఎన్నో జంతువుల్లో ఇలాంటి సంకేతాలను గ్రహించే, ముక్కు లోపలి వోమెరోనేసల్ అవయవం మనకు నామమాత్రంగానే మిగిలింది. దానికి అవసరమైన ఒక ముఖ్య జన్యువు కూడా మనలో పనిచేయదు.

ఇలాంటి సెంట్లలో తరచూ వాడే ఆండ్రోస్టెనోన్, మగ పంది లాలాజలంలో ఉండి ఆడ పందిని జతకు సిద్ధం చేసే పదార్థం. మనుషుల్లో ముక్కులో వాసనను పసిగట్టే ఓఆర్7డీ4 అనే గ్రాహకపు జన్యువులోని తేడాలను బట్టి అది కొందరికి మూత్రం కంపులా, కొందరికి తియ్యటి పరిమళంలా తోస్తుంది. కొందరికి అసలు తెలియనే తెలియదు. అలాంటి సీసా కోసం మీరు డబ్బు ఖర్చు పెట్టవద్దనే నా సలహా.