స్పైక్ గార్డు ఉన్నా టీవీ ఎందుకు కాలింది?

అయ్యా, అమలాపురం దగ్గరి మీ ఇంట్లో గాలివాన రాత్రి బల్బులు మండిపోతున్నట్టు వెలిగాయనీ, అదే సమయంలో పక్కింట్లో మసకబారాయనీ, స్పైక్ గార్డు ఉన్నా టీవీ కాలిపోయిందనీ వ్రాశారు. ఈ లక్షణాలను బట్టి ఇది పిడుగు పని కాదు, స్తంభం వద్ద న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగి ఉంటుందని నా అభిప్రాయం; అప్పుడు ఒక ఇంట్లో వోల్టేజి పడిపోయి, మరో ఇంట్లో 230 వోల్టులు రావలసిన చోట 400 వోల్టుల దాకా రావచ్చు. (మన వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టిన జాయింటు ఊడడానికి ఒక్క కొబ్బరి మట్ట పడినా చాలును.) స్పైక్ గార్డు క్షణకాలపు పోటును మాత్రమే ఆపగలదు గనుక, వోల్టేజి హద్దు దాటగానే సరఫరాను తెంచే రిలేను మీటరు తరువాత ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. పిడుగుల కోసం బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు (ఆ పోటును భూమిలోకి మళ్ళించే పరికరం) వేరుగా కావాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే అది ఉన్నా లేనట్టే. ఉరుములు దగ్గరపడక ముందే ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ వైరును కూడా తీసివేయండి.