టిన్ మాంసంతో పాస్తా చేస్తే ఉప్పు కషాయంలా వస్తోంది, రుచిగా రావాలంటే ఏం చేయాలి?

మీ కష్టం నాకు బాగా అర్థమైంది. అమెరికా వచ్చి రెండు నెలలైంది, ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు, తక్కువ ధరకి వస్తున్నాయని స్పామ్ (డబ్బాలో వచ్చే పంది మాంసం ముద్ద) డబ్బాలు నాలుగు తెచ్చుకున్నారు, ఒకటి తీసి ఉడికించిన పాస్తాలో కలిపితే నోట్లో పెట్టలేనంత ఉప్పు, పైగా మెత్తగా జిగటగా ఉంది, మిగిలిన మూడు పారేయమంటారా అని కదా అడిగారు. పారేయకండి. ఏడెనిమిదేళ్ల కిందట నేనూ ఇదే చేసి, కుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయే పాస్తా ఒక గిన్నెడు చెత్తబుట్టలో వేశాను. తప్పు డబ్బాది కాదు, మనం దాన్ని మాంసం అనుకుని వండటంలో ఉంది.

నేను మిన్నెసోటాలో రోచెస్టర్ అనే ఊళ్లో ఆరు చలికాలాలు గడిపాను. జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్నప్పుడు కిరాణా కోసం కారు తీయాలంటే ఏడుపొచ్చేది, అందుకని అలమారలో డబ్బాలు పేర్చి పెట్టుకోవడం అక్కడ అందరికీ అలవాటు. పైగా స్పామ్ పుట్టిన ఊరు ఆస్టిన్ మాకు ముప్పావుగంట దూరమే. టెక్సస్ ఆస్టిన్ కాదు, ఇది మిన్నెసోటాలో ఇంకో చిన్న ఆస్టిన్. హార్మెల్ కంపెనీ 1937లో దీన్ని అక్కడే మొదలుపెట్టింది, పంది భుజం మాంసం సరిగ్గా అమ్ముడుపోక దాన్ని ఎలా వాడాలా అని ఆలోచించి. ఇప్పుడు ఆ ఊళ్లో దీనికి ఒక మ్యూజియం కూడా ఉంది, టికెట్ లేదు, చిన్న చిన్న ముక్కలు రుచి చూడమని పుల్లకి గుచ్చి ఇస్తారు. ఒక ఆదివారం ఏమీ తోచక వెళ్లాను, నవ్వుకుందామని వెళ్లి ఆ ముక్కలు మూడుసార్లు అడిగి తిన్నాను. అవి వేయించిన ముక్కలు. కిటుకు అక్కడే ఉందని ఆ రోజు నాకు తట్టలేదు.

అది తట్టింది మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఫిలిప్పీన్స్ ఆవిడ వల్ల. నర్సుగా చేసేది, నైట్ డ్యూటీ దిగి వచ్చి పొద్దున్నే వెల్లుల్లి వేసిన అన్నం, గుడ్డు, ఎర్రగా వేయించిన స్పామ్ తినేది. ఆ వాసన కారిడార్ అంతా వచ్చేది. నేను నా ఉప్పు పాస్తా కథ చెబితే పడీ పడీ నవ్వి, "పెనం మీద నూనె లేకుండా వేయించు, అంచులు కరకరలాడేదాకా దాన్ని కదపకు" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ తరవాత నాకు మా అమ్మమ్మ ఉప్పుచేప వండటం గుర్తొచ్చింది. మాది బాపట్ల దగ్గర, ఉప్పుచేప మాకు కొత్త కాదు. అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ చేపల పులుసు పెట్టినట్టు పెట్టేది కాదు. ముందు నీళ్లలో నానేసి, ఎర్రగా వేయించి, వంకాయలోనో దోసకాయలోనో నాలుగు ముక్కలు వేసేది, కూరలో విడిగా ఉప్పు వేసేదే కాదు. స్పామ్‌ని కూడా అలాగే చూడాలి. అది కూర కాదండీ, తాలింపు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది.

లెక్క కూడా చెప్తాను, డబ్బా వెనక చూసుకోండి. మామూలు డబ్బా 340 గ్రాములు, అందులో ఆరు వడ్డనలని రాస్తారు. ఒక్కో వడ్డన అంటే 56 గ్రాములు, దాంట్లో సోడియం 790 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి 2300 దాటొద్దని అమెరికా వాళ్లే చెప్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2000 అంటుంది. మీరు ఒక డబ్బా మొత్తం ఇద్దరికి వేశానన్నారు, అంటే ఒక్కొక్కరికి ఒక్క పూటలో దాదాపు 2400. దానికి తోడు పాస్తా ఉడికించే నీళ్లలో ఉప్పు, పైన చీజ్. ఉప్పు కషాయం కాక ఏమవుతుంది! నా మొదటి పాస్తాలో ఈ మూడూ ఉన్నాయి, అదనంగా సీసాలో దొరికే రెడీమేడ్ సాస్ కూడా, దాంట్లోనూ ఉప్పే.

ఇక వండటం. ఇద్దరికి సగం డబ్బా చాలు, పాస్తా 200 గ్రాములు, అంటే అక్కడ దొరికే ఒక పౌండు పెట్టెలో సగం కన్నా కొంచెం తక్కువ. స్పగెట్టీ వద్దు, ముక్కలన్నీ జారి గిన్నె అడుగుకి పోతాయి, చివర్లో ఒకరికి దారాలు, ఇంకొకరికి ముక్కలు మిగులుతాయి. పెన్నే గానీ, మెలికలు తిరిగిన రొటీనీ గానీ, మామూలు మాకరోనీ గానీ తీసుకోండి. బట్టలు మార్చుకునే ముందే నీళ్లు పొయ్యి మీద పెట్టేయండి, కరెంటు పొయ్యి అయితే మరగడానికే పది నిమిషాలు తింటుంది. అందరూ ఆ నీళ్లు సముద్రమంత ఉప్పగా ఉండాలని చెప్తారు, ఈ వంటకి మాత్రం ఆ మాట వినకండి. ఒక చిటికెడు వేస్తే వేయండి, నేనైతే అదీ వేయను.

నీళ్లు కాగేలోపు డబ్బా మూత తీయండి. ఆ మూత అంచు బ్లేడులా ఉంటుంది, నా బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. డబ్బాని బోర్లించి రెండు పక్కలా నొక్కితే గాలి చేరి ముద్ద ముద్దగా కిందికి జారుతుంది. చుట్టూ జిగురులా ఏదైనా ఉంటే కుళాయి కింద కడిగేసి, కాగితంతో తడి అద్దండి. సగం అడ్డంగా కోసి మిగతాది డబ్బాలోనే వదలకుండా మూత ఉన్న గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ సగాన్ని బఠాణీ గింజకి రెండింతలు ఉండేలా చిన్న ముక్కలు కోయండి. పెద్ద ముక్కలు కోస్తే ఆ మెత్తదనం నోటికి తగులుతూనే ఉంటుంది, మీరు జిగట అన్నది అదే. మాంసాన్ని మెత్తగా రుబ్బి, ఉప్పు, నీళ్లు, బంగాళదుంప పిండి, చక్కెర, ఆ గులాబి రంగు నిలబెట్టే సోడియం నైట్రైట్ కలిపి, డబ్బాలో పెట్టి సీలు చేసి అందులోనే ఉడికిస్తారు. అందుకే దానికి మాంసం పీచు ఉండదు, మనం నమిలే పని పెనం మీద పుట్టించాల్సిందే. ఉప్పు మరీ పడని వాళ్లు ఈ ముక్కల్ని మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తీసి, నీళ్లు పారబోసి అప్పుడు వేయించుకోవచ్చు, ఉప్పు కొంత దిగుతుంది. ఉప్పు పావు వంతు తగ్గించిన రకం కూడా దొరుకుతుంది, కొనేటప్పుడు అది చూసుకోండి.

వెడల్పాటి పెనం వేడెక్కాక ముక్కలు ఒకే పొరలా పరిచి, మధ్యస్థం మంట మీద వదిలేయండి. నూనె అక్కర్లేదు, రెండు నిమిషాల్లో దాని కొవ్వే కరిగి వస్తుంది. కలపాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. మూడు నాలుగు నిమిషాలకి ఒకసారి తిప్పి, మొత్తం ఏడెనిమిది నిమిషాలు, బయట బెల్లం రంగు వచ్చేదాకా. అప్పుడు ముక్కలు పక్కకి తీసి పెట్టేయండి. ఇది ముఖ్యం, టమాటాలో వాటిని కూడా ఉడికిస్తే మళ్లీ మెత్తబడి పడిన కష్టం నీళ్లపాలు అవుతుంది.

పెనంలో మిగిలిన కొవ్వులో ఒక చెంచాడు ఉంచి మిగతాది ఒంపేయండి. అందులో ఐదారు వెల్లుల్లి రెబ్బలు దంచి, రెండు ఎండుమిర్చి తుంచి వేయండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి. ఫ్రీజర్‌లో కరివేపాకు ఉంటే ఒక రెమ్మ. ఇటలీ వాళ్లు చూస్తే ఏమంటారో అనుకోకండి, డబ్బా మాంసం దగ్గరే వాళ్లు మనల్ని వదిలేసి ఉంటారు. ఉల్లిపాయ మెత్తబడ్డాక 411 గ్రాముల టమాటా ముక్కల టిన్ ఒకటి వేయండి, ఉప్పు కలపని రకం చూసి కొనుక్కుంటే మంచిది. మిరియాల పొడి బాగా, చక్కెర అర చెంచా. పులుపు ఇక్కడ కావాలి, ఉప్పుని లొంగదీసేది పులుపే, అమ్మమ్మ వంకాయలో చింతపండు వేసింది ఊరికే కాదు. గడ్డకట్టిన పచ్చి బఠాణీలు ఒక గుప్పెడు వేస్తే ఏదో కూరగాయ తిన్నామన్న తృప్తి.

ఈలోపు పాస్తా. పెట్టె మీద పదకొండు నిమిషాలు అని ఉంటే తొమ్మిదికే తీసేయండి, ఉడికించిన నీళ్లు ఒక కప్పు దాచుకోండి. నేను మొదట్లో పాస్తాని అన్నం లెక్కన మెత్తగా ఉడికించి, నీళ్లన్నీ సింకులో పోసి, పైనుంచి చన్నీళ్లతో కడిగేదాన్ని. అలా చేస్తే సాస్ పట్టదు. ఆ నీళ్లలో పిండి ఉంటుంది, గంజి లాంటిది, ఒక అర కప్పు టమాటాలో పోసి పాస్తా కూడా వేసి రెండు నిమిషాలు పెద్ద మంట మీద కలిపితే సాస్ చిక్కబడి పాస్తాకి అంటుకుంటుంది. ఇప్పుడు రుచి చూడండి. ఉప్పు తక్కువనిపిస్తుంది. వేయకండి! వేయించిన ముక్కలు కలిపి మళ్లీ చూడండి, సరిపోతుంది. దించాక సగం నిమ్మకాయ పిండండి. చీజ్ కావాలంటే పిల్లలకి ఒక చిటికెడు, పెద్దవాళ్లకి అవసరం లేదని నా అభిప్రాయం. నీళ్లు పెట్టిన దగ్గర నుంచి లెక్కేస్తే ముప్పై నిమిషాలు, గిన్నెలు రెండే.

టమాటా కూడా లేని రోజున నేను ఇంకోటి చేస్తాను. ముక్కలు అలాగే వేయించి, పాస్తా వేసి, పొయ్యి ఆపేసి, రెండు గుడ్లు మిరియాలతో గిలకొట్టి రెండు చెంచాల పాస్తా నీళ్లతో కలిపి గబగబా తిప్పుతాను. రోమ్ వాళ్లు గుడ్డుతో చేసే పాస్తా, కార్బొనారాకి దూరపు చుట్టం అనుకోండి. మంట ఉండగా గుడ్డు పోస్తే మాత్రం అది పాస్తాలో గుడ్డు పొరటు అవుతుంది. రెండుసార్లు అయింది నాకు. తిన్నాం, బాగానే ఉంది, కానీ చేయాలనుకున్నది అది కాదు.

పంది మాంసం తినని వాళ్లు కింద అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. డబ్బా చికెన్‌కి పైన చెప్పిన పద్ధతి పనికిరాదు, అది పెనం మీద వేయిస్తే పీచు పీచుగా విడిపోయి ఎండిపోతుంది. నీళ్లు గట్టిగా పిండేసి, కారం, ధనియాల పొడి, కొంచెం నూనె పట్టించి, టమాటా అయ్యాక చివర్లో వేడెక్కేంతసేపే ఉంచండి. ట్యూనా చేప డబ్బా కూడా అంతే, నూనెలో ఉన్న రకం అయితే ఆ నూనెతోనే వెల్లుల్లి వేయించండి. కార్న్‌డ్ బీఫ్, అంటే ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం, తినేవాళ్లకి పద్ధతి స్పామ్‌దే, ముక్కలుగా నిలబడదు గానీ ఖీమాలా పొడిపొడిగా బాగా వేగుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవాళ్లు మాత్రం దిగుమతి టిన్ కోసం అంత డబ్బు పెట్టకండి, అదే డబ్బుకి ఖీమా వస్తుంది, ఇదే పద్ధతిలో ఇంకా బాగుంటుంది, వేగడానికి పదిహేను నిమిషాలు ఎక్కువ అంతే.

డబ్బాల మంచి చెడు గురించి కూడా చెప్తాను. ఉబ్బినవి, కారుతున్నవి, అతుకు దగ్గర లోతుగా నొక్కుకుపోయినవి తెరవకుండా పారేయండి, బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం రుచిలో, వాసనలో తెలియదు, కొంచెం నాకి చూద్దాం అనే పని అసలు వద్దు. తెరవని మాంసం డబ్బా చల్లని పొడి చోట రెండు నుంచి ఐదేళ్లు ఆగుతుంది, తెరిచాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే. వారంలో నాలుగు రోజులు ఇదే తింటానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇలా నిలవబెట్టిన మాంసాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన పరిశోధన సంస్థ 2015లోనే తేల్చింది. మా ఇంట్లో నెలకి రెండుసార్లు, అది కూడా బయట మంచు పడుతూ ఇద్దరికీ ఓపిక లేని రోజునే. మీ దగ్గర ఉన్న మూడు డబ్బాలు అలా చూస్తే మూడు నెలలు వస్తాయి.

ఫ్రిజ్‌లో పెట్టమన్న ఆ రెండో సగం మర్చిపోకండి. ఆ మూడు నాలుగు రోజుల్లోపే ఒక పొద్దున్న ఉప్మాలో జీడిపప్పు బదులు వేయించి వేసుకోండి, రవ్వలో ఉప్పు సగానికి తగ్గించి.