మీరడిగారు: చలికాలంలో వియన్నా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వియన్నా గురించే. పిల్లలు జర్మనీలోనో ఆస్ట్రియాలోనో ఉద్యోగాలు చేస్తుంటే క్రిస్మస్ సెలవులకు తల్లిదండ్రులు బయల్దేరడం మన అనంతపురం, కడప, కర్నూలు ఇళ్లల్లో మామూలైపోయింది. నాలుగు ప్రశ్నలకు జవాబులివి.

ప్రశ్న: డిసెంబరు 20 తర్వాత అమ్మా నాయనలను తీసుకొని ఐదు రోజులకు పోతున్నాం. అమ్మ చీర తప్ప కట్టదు. నాయనేమో "గదిలో కూర్చోడానికి అంత దూరం ఎందుకురా" అంటున్నారు. రోజంతా బయట తిరగగలమా? ఏం బట్టలు కొనాలి?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: తిరగొచ్చు. చలి కంటే ముందు వెలుగు లెక్క చూసుకోండి. ఆ రోజుల్లో అక్కడ పొద్దు పొడిచేది 7.40 ప్రాంతంలో, గుంకేది సాయంత్రం 4 దాటగానే. షోన్‌బ్రున్ రాజభవనం తోటలు, పాత ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు భవనాలు, చర్చి గోపురాలు పదింటి నుంచి మూడింటి లోపల చూసేయాలి. క్రిస్మస్ సంతలు చీకటి పడ్డాకే బాగుంటాయి, వాటికి తొందర లేదు. మధ్యలో గంట బయట తిరిగితే గంట లోపల కూర్చునేలా చూసుకుంటే పెద్దవాళ్లు కూడా అలిసిపోరు.

ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మనవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే: లావుపాటి కోటు కొని, లోపల మామూలు కాటన్ బనీను వేసుకోవడం. నడిస్తే చెమట పడుతుంది, కాటన్ దాన్ని పీల్చుకొని తడిగా ఒంటికి అంటుకుంటుంది, ఆగిన ఐదు నిమిషాలకు వణుకు పుడుతుంది. ఒంటికి ఆనేది ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్ ఉండాలి, దాని మీద స్వెట్టర్, ఆ పైన గాలి దూరని కోటు. మ్యూజియాల్లో, ట్రాముల్లో హీటర్లు నడుస్తుంటాయి కాబట్టి లోపలికి పోగానే కోటు విప్పాలి. చాలా మ్యూజియాల్లో కోట్లు పెట్టడానికి గది ఉంటుంది.

అమ్మగారు చీరే కట్టనీయండి. లంగా లోపల థర్మల్ లెగ్గింగ్, కాళ్లకు చీలమండ దాటే బూట్లు, చీర అంచు మామూలు కంటే నాలుగు వేళ్లు పైకి. మంచు పడితే కాలిబాటల మీద జారకుండా సన్న కంకర చల్లుతారు. కరిగిన మంచు, ఆ కంకర కలిసిన బురద పట్టు అంచును పాడుచేస్తుంది, కాబట్టి సింథటిక్ చీరలే తీసుకెళ్లండి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. లావు మేజోళ్లు వేసి బిగుతు బూట్లలో కాలు దూరిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. కొబ్బరి నూనె అక్కడ గడ్డకట్టుకుపోతుంది. గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పెదాలకు, చేతులకు వాసెలీన్ పెట్టుకోండి. ఫోను లోపలి జేబులో ఉండాలి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

ప్రశ్న: ఫిబ్రవరిలో పోతున్నాం. అక్కడ మంచు మీద స్కేటింగ్ చేస్తారంట. మా పిల్లలకు, నాకు ఎవరికీ రాదు. వయసు 38. ప్రయత్నించవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పకుండా. వియన్నాకు చలికాలంలో పోయి ఇది చేయకుండా రావడం మాకైతే నచ్చదు. సిటీ హాలు ముందున్న రాట్‌హౌస్ మైదానంలో జనవరి రెండో సగం నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఐస్ డ్రీమ్ అనే పెద్ద రింకు, అంటే స్కేటింగ్ చేసే మంచు గచ్చు, వేస్తారు. అక్కడే బూట్లు అద్దెకిస్తారు.

బూటు సైజు మామూలుదే, కాకపోతే బిగుతుగా ఉండాలి. లేసు వేళ్ల దగ్గర వదులుగా, పాదం మధ్యలో కాస్త గట్టిగా, చీలమండ దగ్గర బాగా గట్టిగా లాగి కట్టాలి. చాలామంది పైదాకా ఒకే బిగువుతో కడతారు. అప్పుడు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చీలమండ మాత్రం పక్కకు వాలుతుంది. పది నిమిషాలు తిరిగాక లేసు వదులవుతుంది, బయటికొచ్చి మళ్లీ కట్టుకోండి.

మొదట కంచె పట్టుకొని నిలబడండి. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువు పాదం ముందు భాగం మీద వేయాలి. మడమలు దగ్గరగా, వేళ్లు బయటికి పెట్టి బాతులాగా చిన్న అడుగులు వేయండి. అలవాటయ్యాక ఒక కాలితో పక్కకు తోసి, రెండో కాలి మీద జారండి. కిందికి చూస్తే ఒళ్లు ముందుకు వాలుతుంది, కాబట్టి చూపు ఎదురుగా. ఆగాలంటే వేళ్లు లోపలికి, మడమలు బయటికి తిప్పి మెల్లగా ఒత్తాలి.

ప్రమాదం వెనక్కి పడటంతోనే. జారుతున్నట్టు అనిపించగానే నిటారుగా లేవాలని చూస్తారు, తల వెనక భాగం నేలకు తగిలేది అప్పుడే. పడక తప్పదనిపిస్తే మోకాళ్లు ఇంకా వంచి, పక్కకు, తుంటి మీద కూలబడండి. పడ్డాక వేళ్లు పిడికిలిలో దాచుకోండి, పక్కన పోయేవాళ్ల బ్లేడు తగలకుండా. లేచేటప్పుడు మోకాళ్ల మీదికి వచ్చి, ఒక కాలు ముందుకు పెట్టి, ఆ మోకాలి మీద చేతులు ఆనించి లేవాలి. చేతి తొడుగులు లేకుండా దిగకండి. కంచె చుట్టూ అందరూ ఒకే దిక్కున తిరుగుతారు, ఎదురు పోవద్దు. పిల్లలకు హెల్మెట్ పెడితే మరీ మంచిది.

ప్రశ్న: మేం మాంసం, గుడ్డు, మందు ముట్టం. క్రిస్మస్ సంతల్లో మాకు తినడానికేమైనా ఉంటుందా? ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు పట్టుకుపోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఉంటుంది, కానీ అడిగి తినండి. వేయించిన మరోని గింజలు, అంటే చెస్ట్‌నట్‌లు, కాగితం పొట్లంలో వేడివేడిగా ఇస్తారు, నిశ్చింతగా తినొచ్చు. మరో మంచిది పొయ్యి మీద కాల్చిన ఆలుగడ్డ. ఆలుగడ్డ అట్ల పిండిలో గుడ్డు కలుపుతారు. సూపుల దగ్గర ఇంకా జాగ్రత్త: పైకి అట్టు ముక్కలు, కూరగాయలే కనిపించినా అడుగున ఉన్నది తరచుగా గొడ్డు మాంసం పులుసే. "ఓనె ఫ్లైష్, ఓనె ఐ" అంటే మాంసం, గుడ్డు లేకుండా అని.

సంతల్లో అమ్మే వేడి పానీయాలు గ్లూవైన్, పున్ష్ రెండింట్లోనూ మద్యం ఉంటుంది. మీరు అడగాల్సింది కిండర్‌పున్ష్, పిల్లలు తాగే వేడి పళ్లరసం. కప్పుకు విడిగా డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బులిచ్చేస్తారు. నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. 1873లో మొదలైన కొండ ఊటల కాలువ నీళ్లే ఈ ఊరి కుళాయిల్లో వస్తాయి.

బుడ్డల పొడి, గోంగూర పచ్చడి తీసుకుపోవచ్చు. నెయ్యి, పనీరు, మటన్ పచ్చడి మాత్రం సంచిలో పెట్టొద్దు: బయటి దేశాల పాల పదార్థాలను, మాంసాన్ని యూరోపియన్ యూనియన్‌లోకి రానీయరు. పచ్చి కరివేపాకు కూడా ఇంట్లోనే ఉంచండి.

డిసెంబరు 24 మధ్యాహ్నానికల్లా అంగళ్లు మూసేస్తారు. 25, 26 సెలవు. ఆదివారాలూ అంతే. పాలు, పెరుగు, బ్రెడ్డు ముందురోజే కొనిపెట్టుకోండి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలో సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పి. మంచు పడినరోజు ఎక్కడికి తీసుకుపోవాలి? ఒపేరాకు తక్కువ ధరలో టికెట్ దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: పాత చిత్రాలుండే కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియానికి. బల్లలు వేసిన గదులుంటాయి, కూర్చొని చూడొచ్చు. చిత్రకారుడు బ్రూగెల్ 1565లో గీసిన మంచులో వేటగాళ్ల బొమ్మ ఇక్కడే ఉంది. అలిసిన కుక్కలు, గడ్డకట్టిన చెరువు మీద ఆడుకునే చిన్న చిన్న మనుషులు, అదంతా దగ్గరికి పోయి చూడాలి. చలికాలంలో సోమవారాలు చాలాసార్లు మూసి ఉంటుంది, చూసుకొని పోండి. షోన్‌బ్రున్‌లో 1882 నాటి గాజు తాటి ఇల్లు వెచ్చగా ఉంటుంది, కళ్లజోడు మాత్రం లోపలికి పోగానే మసకబారుతుంది.

స్టెఫాన్ చర్చిలో దక్షిణ గోపురానికి 343 మెట్లున్నాయి, అమ్మగారిని ఎక్కించకండి. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది. 20 టన్నుల పైచిలుకు బరువున్న పుమ్మెరిన్ గంట కూడా అక్కడే, కొత్త సంవత్సరాన్ని మోగించేది అదే.

ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు ఏ రోజువి ఆ రోజే అమ్ముతారు, తక్కువ ధరే. అవి మీకోసం. అమ్మగారు రెండు మూడు గంటలు నిలబడలేరు కాబట్టి ఆమెకు సీటు ముందే కొనండి. కోట్లు బయట అప్పగించి పోవాలి.  జనవరి 1న జరిగే వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కచేరీకి మాత్రం అప్పటికప్పుడు ఆశ పెట్టుకోకండి: దాని టికెట్లు లాటరీలో ఇస్తారు, పేరు ముందు ఏడాది ఫిబ్రవరిలోనే ఇచ్చుకోవాలి.

మెట్రోకు గేట్లు ఉండవు. టికెట్ మీద తేదీ, టైము లేకపోతే ప్లాట్‌ఫాంకు పోయే దారిలో ఉన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోండి. ముద్ర లేని టికెట్‌ను తనిఖీవాళ్లు టికెట్‌గా లెక్కించరు, జరిమానా కట్టాల్సిందే.