ఎడమకు తిప్పితే హోరు పెరుగుతోందంటే, మొదట కుడి చక్రాల బేరింగ్‌లు చూడండి

మీ పాత మారుతి 800లో గంటకు 50 కిలోమీటర్లు దాటగానే హోరు మొదలవుతోందని, టైర్లు మార్చినా తగ్గలేదని, ఎడమకు తిరిగేటప్పుడు ఇంకా పెరుగుతోందని రాశారు. అన్నిటికన్నా ఆ చివరి మాటే ముఖ్యమైనది. ఎడమ మలుపులో బరువు కుడి చక్రాలపైకి వాలుతుంది కనుక, అరిగిన కుడి చక్రపు బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి లోపల ఉండే ఉక్కు బంతుల వలయం) అప్పుడే గట్టిగా మోగుతుంది. మలుపుల్లో కటకటమంటే అది డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) జాయింటు చప్పుడు, దాని సంగతి వేరు.

సమతలమైన నేలపై మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, కుడి చక్రాలను ఒక్కొక్కటిగా జాకీతో లేపి, స్టాండుపై నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆట, అంటే వదులుగా కదలడం, కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే లోపం చాలావరకు బేరింగ్‌దే, పోకపోతే బాల్ జాయింటునో (చక్రాన్ని కింది ఆర్మ్‌తో కలిపే గుండ్రటి కీలు) సస్పెన్షన్‌నో చూడాలి. అయితే ఆట లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు. ఒక చేయి కాయిల్ స్ప్రింగ్‌పై ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పితే, చెవికి అందని గరగర కూడా వేళ్లకు తెలుస్తుంది. నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

బేరింగ్ మార్చేటప్పుడు మాత్రం సుత్తితో కొట్టనివ్వకండి. అది కూర్చునే గూటిలోకి ప్రెస్‌తో దించుతున్నప్పుడు బలం బయటి రేసుపైనే, అంటే బేరింగ్ బయటి ఉంగరంపైనే పడాలి. లోపలి రేసుపై పడితే బంతులు దొర్లే దారిలో గుంటలు పడి, కొత్త బేరింగ్ కూడా త్వరలోనే మోగడం మొదలుపెడుతుంది. బేరింగ్ మార్చేవరకు దయచేసి హైవే ఎక్కకండి.