'షీమేల్'కు తెలుగేది?

సందేహం: అడల్ట్ వీడియోల వ్యాపారం మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ట్రాన్స్‌జెండర్ (ట్రాన్స్) నటీమణులను 'షీమేల్', 'ట్రానీ' అనడం తగునా కాదా అన్న వాదన అందులో ఉంది. వీటికి కొజ్జా, హిజ్రా, నపుంసకుడు – ఏది సరిపోతుంది? కొందరు నటీమణులే ఆ మాటలు వాడుకుంటున్నప్పుడు మనకెందుకు అభ్యంతరం?

సమాధానం: మూడూ వద్దు.

'షీమేల్' 19వ శతాబ్దంలో అమెరికావాళ్లు ఆడవాళ్లను వేళాకోళం చేస్తూ అన్న మాట. తర్వాత అడల్ట్ వ్యాపారం చేతిలో పడి సరుకు మీద చీటీ అయింది. ఆ మనిషి ఎవరో ఆ చీటీకి అక్కర్లేదు. కొనేవాడికి తెర మీద ఎలాంటి శరీరం కనిపిస్తుందో చెబితే దాని పని అయిపోయింది. 'ట్రానీ' సూటిగా తిట్టే. మీడియాలో ఎల్జీబీటీ వాళ్ల గౌరవం కోసం పనిచేసే అమెరికా సంస్థ గ్లాడ్, పాత్రికేయుల కోసం రాసిన మార్గదర్శిలో ఈ రెండింటినీ అవమానకరమైన మాటల్లోనే చేర్చింది.

నటీమణుల మాటలోనూ పస లేకపోలేదు. చూసేవాళ్లు సెర్చ్‌లో ఆ మాటే కొడతారు. పేరు మారిస్తే వీడియో కనబడదు, డబ్బు రాదు. అది బేరం లెక్క. తన సరుకు మీద తాను పెట్టుకున్న పేరుతో మనమూ ఆమెను పిలవొచ్చని దానికి అర్థం కాదు. పైగా ఆ వ్యాపారమే కొంత దారికొచ్చింది: 2008లో 'ట్రానీ అవార్డ్స్'గా మొదలైన బహుమతులు 2014లో 'ట్రాన్స్‌జెండర్ ఎరోటికా అవార్డ్స్' అయ్యాయి. అమ్మేవాళ్లే పేరు మార్చుకున్నాక అనువాదకుడికి ఎందుకండీ ఆ బరువు?

ఇక మన మాటలు. 'కొజ్జా'కు మూలం ఖ్వాజా, అంటే దొర. ముస్లిం రాజుల అంతఃపురాల్లో పెత్తనం చేసిన ఖ్వాజాసరాల నుంచి వచ్చిన మర్యాద మాట అది. మన నోట్లో పడి ఏమైందో, సినిమా కామెడీ ట్రాకులు దాన్ని ఎంత అరగదీశాయో మీకు చెప్పక్కర్లేదు. 'హిజ్రా' తిట్టు కాదు. గురువు, చేలా (శిష్యురాలు) అనే వరసలు, జమాత్ అనే కూటాలు ఉన్న ఒక సముదాయం పేరు. లాస్ ఏంజెలెస్ నటిని హిజ్రా అంటే ఆమెకు హైదరాబాద్ జమాత్‌తో చుట్టరికం కలిపినట్టే. 'నపుంసకం' వ్యాకరణంలో సరే, 'నపుంసకుడు' అని మనిషికి తగిలిస్తే చేతకానివాడన్న నింద. నిజాం కాలంలో ఇలాంటి పేరుతోనే ఒక చట్టం ఉండేది. ఆడవాళ్ల బట్టల్లో బయట కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చనేది. తెలంగాణ హైకోర్టు 2023లో గానీ దాన్ని కొట్టేయలేదు. పేరు పెట్టడంతో ఆగదు మరి.

మీ వ్యాసంలో రచయిత తన మాటగా చెప్పేచోట 'ట్రాన్స్ నటి', 'ట్రాన్స్ మహిళ' అని రాయండి. చర్చ ఆ మాట గురించే అయినచోట దాన్ని అనువదించకుండా తెలుగు లిపిలో, ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టండి. ఉదాహరణకు: "తన వీడియోలకు 'షీమేల్' అన్న ట్యాగ్ తీసేయమని ఆ ట్రాన్స్ నటి కంపెనీని అడిగింది." తిట్టు తిట్టుగానే కనబడుతుంది, మనిషి మనిషిగానే ఉంటుంది. 'లింగమార్పిడి చేయించుకున్నవారు' అని మాత్రం అందరికీ వేయకండి. అందరూ ఆపరేషన్ చేయించుకోరు, చేయించుకోవాలనీ లేదు. గుర్తింపుకు సర్జరీ షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులోనే చెప్పింది.

మీరు అడగలేదు గానీ, సర్వనామం దగ్గర జాగ్రత్త. 'ఆమె వచ్చింది', 'అది వచ్చింది' – తెలుగులో రెంటికీ క్రియ ఒకటే. కర్తను వదిలేసి రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట 'అది' దొర్లుతుంది. ప్రతి పేరాలోనూ ఒకసారి 'ఆమె' అని వేయండి. మిగతా నటీమణులకు 'అన్నది' అని రాస్తూ ఈమెకు ఒక్కదానికే 'అన్నారు' అని మర్యాద ఒలకబోసినా ఎబ్బెట్టుగానే ఉంటుంది.